అనీసా ఎక్కిన గుడివాడ బస్సు

హలో... ఆ, వినపడుతోందా అండీ? అందరూ బాగున్నారా? భోజనాలయ్యాయా? అయితే ఓ పది నిమిషాలు ఇటు చెవి పడెయ్యండి. మా బందరు కథ ఒకటి చెప్తాను. డెబ్బై ఎనిమిదిలోది. దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికింకా ఏడాది కూడా తిరగలేదు.

బందరులో జలాలుద్దీన్ అని ఉండేవాడు. రోల్డుగోల్డు గాజులకి మెరుగు పెట్టే పని. ముప్పై ఏళ్ళు అదే పని చేసి చేసి ఓ అలవాటు పడిపోయింది ఆయనకి. ఏది మెరిసినా నమ్మడు. గోటితో ఓసారి గీరి చూడాల్సిందే. మనుషుల్నీ అంతే.

ఆయనకి ఒక్కతే కూతురు, అనీసా. పద్దెనిమిదేళ్ళు. బుద్ధి మాత్రం ఆరేళ్ళ పిల్లది అనేవాళ్ళు వీధిలో. సల్వారు నాడా తల్లి ఖైరున్ బీ కట్టాలి. అన్నం తండ్రి కలిపి పెట్టాలి. వీధిలోకి వస్తే ఆయన చెయ్యి పట్టుకునే నడిచేది. ఉప్పెనలో హంసలదీవి దగ్గర ఆయన తమ్ముడి కుటుంబం మొత్తం పోయింది. అప్పట్నించీ ఆ పట్టు మరీ బిగిసింది.

అలాంటప్పుడు సరోజిని టీచరు వచ్చింది. మద్రాసులో ట్రైనింగయి, కోనేరు సెంటరు అవతల రెండు గదులు అద్దెకి తీసుకుని ఇలాంటి పిల్లలకి బడి పెట్టింది. అ ఆలు కాదట, తమ పనులు తాము చేసుకోవడం నేర్పుతుందట. ఖైరున్ బీ పోరు పడలేక జలాలుద్దీన్ ఒప్పుకున్నాడు. మొదటిరోజే ఆ టీచరమ్మ, "మీరు గుమ్మం దాకానే రండి, లోపలికొద్దు" అంది.

అదిగో, అక్కడ పడింది అనుమానం.

నెల తిరిగేసరికి పిల్ల చేతులు బూడిద వాసన. గోళ్ళ సందుల్లో మసి. పక్కింటి ముక్తార్ ఊరుకుంటాడా? "ఏం బావా, టీచరుగారికి జీతం లేని పనిమనిషి దొరికిందటగా?" అన్నాడు బీడీ ముట్టించుకుంటూ.

మర్నాడు జలాలుద్దీన్ బడి వెనక దడి సందులోంచి తొంగిచూశాడు. పిల్లలందర్నీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి, ఆ టీచరు నడి గదిలో నిలబడి "బందరు, బందరు, బందరు" అని అరుస్తోంది. అనీసా లేచి వెళ్ళి పీట మీద కాలు పెట్టి ఏదో అంది. టీచరు తల అడ్డంగా ఊపింది. పిల్ల దిగింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది.

'ఇది చదువా, నాటకమా?' అనుకున్నాడు.

అది చాలదన్నట్టు, ఆ బుధవారం సాయంత్రం తమ వంటింటి వెనక గుసగుసలు. సరోజిని టీచరు గొంతు. "రేపు పొద్దున్నే పంపించండి. జలాలుద్దీన్ గారికి మాత్రం తెలియనివ్వొద్దు. ఆపేస్తారు." ఖైరున్ బీ "అలాగే" అంది. కాసేపటికి చూస్తే, ఆవిడ ఓ సంచిలో అనీసా బట్టలు ఓ జత సర్దుతోంది.

ఉప్పెన తర్వాత దివిసీమలో దిక్కులేని పిల్లల్ని ఎవరెవరో ఎటెటో తీసుకుపోయారని ఊళ్ళో వదంతులు. తన పిల్లకి తండ్రి ఉన్నాడుగా! కట్టుకున్నదే కలిసిపోతే ఎవర్ని అడుగుతాడు? అడగలేదు. అడిగితే జాగ్రత్త పడిపోతారని.

గురువారం పనికి వెళ్తున్నానని చెప్పి బస్టాండులో నక్కాడు. తలకి తువ్వాలు చుట్టాడు. అనీసా వచ్చింది. ఒక్కతే! చేతిలో ఆ సంచి. గుడివాడ బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఏదో అడిగి, ఎక్కి, ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. నాలుగు వరసల వెనక సరోజిని టీచరు, కొంగు ముఖం మీదికి లాక్కుని, ఆ పిల్ల ఎవరో తెలియనట్టు కూర్చుంది. జలాలుద్దీన్ చిట్టచివరి సీట్లో కూలబడ్డాడు. పిల్లని ఎవరికి అప్పజెప్తుందో, అక్కడే పట్టుకోవాలి.

గుడ్లవల్లేరు దగ్గర ఢామ్మని టైరు పేలింది. కండక్టరు "దిగండి, దిగండి, వేరే బస్సెక్కండి" అని కేకలేశాడు. జనం తోసుకుంటూ దిగారు. అనీసా రోడ్డు పక్కన సంచి గుండెకి హత్తుకుని నిలబడింది. పెదాలు వణుకుతున్నాయి. టీచరు పది గజాల దూరంలో బడ్డీకొట్టు చాటున నిలబడిందే గాని కదల్లేదు.

ఇంతలో ఓ బస్సు వచ్చి ఆగింది. అది బందరు వెళ్ళే బస్సు. అనీసా దాని వైపే నడిచింది.

జలాలుద్దీన్ ఇక ఆగలేకపోయాడు. ఒక్క అంగ వేశాడో లేదో, ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

"ఆగండి జలాలుద్దీన్ గారూ" అంది సరోజిని టీచరు.

"వదలండమ్మా! నా పిల్ల తప్పు బస్సెక్కేస్తోంది!"

"బందరు బస్టాండులోనే చూశాను మిమ్మల్ని. ఆ తువ్వాలు రోజూ మీ భుజం మీద ఉండేదేగా? ఒక్క నిమిషం ఓపిక పట్టండి."

"మా పిల్ల చేత గిన్నెలు తోమిస్తారు, తల్లిని బుట్టలో వేసుకుంటారు, ఇప్పుడు ఇలా రోడ్డు మీద వదిలేస్తారు. ఏం మనిషండీ మీరు?"

"తోమించాను. తను తిన్న కంచం తను తోమింది. నాది నేను తోముకున్నాను, పక్కనే కూర్చుని. మీ ఇంట్లో ఎప్పుడైనా తోమనిచ్చారా?" అంది టీచరు, కళ్ళు మాత్రం పిల్ల మీదనించి తిప్పకుండా.

అనీసా మెట్టు మీద కాలు పెట్టింది. ఆగింది. తలెత్తి గట్టిగా అడిగింది. "గుడివాడ వెళ్తుందా?"

"బందరమ్మా, బందరు!" అన్నాడు డ్రైవరు.

పిల్ల దిగిపోయింది. అచ్చం ఆ పీట మీదనించి దిగినట్టే. బందరు బస్సు ఇంకా జనాన్ని ఎక్కించుకుంటుండగానే రెండో బస్సు వచ్చింది. మళ్ళీ కాలు పెట్టింది, మళ్ళీ అడిగింది, ఎక్కింది.

జలాలుద్దీన్‌ తలకి చుట్టిన తువ్వాలు విప్పేశాడు. అయినా అలవాటు ఊరుకోదుగా. "గుడివాడలో ఎవరున్నారు?" అన్నాడు.

"మీ మరదలు బషీరా. బస్టాండు వెనక సందే కదండీ? మీ ఆవిడ ముందే కబురు పెట్టింది. పిన్ని దగ్గర భోజనం చేసి, మధ్యాహ్నం బస్సుకి తిరిగొస్తుంది. సంచిలో బట్టలు, దారిలో ఒంటి మీదివి పాడైతే మార్చుకోవడానికే. నేను వెనకే ఉంటాను. మీరు మాత్రం ఉండకూడదు. మీరు కనిపిస్తే చెయ్యి పట్టేసుకుంటుంది. అడగడం మర్చిపోతుంది. మీరు ఈ బందరు బస్సెక్కి ఇంటికి వెళ్ళండి."

"నా పిల్లని మీకు వదిలేసా? మిమ్మల్నెలా నమ్మమంటారమ్మా?"

"నన్ను నమ్మొద్దు. ఇప్పుడు చూశారుగా, మీ పిల్లని నమ్మండి" అని ఆవిడ పరుగున వెళ్ళి గుడివాడ బస్సెక్కేసింది.

ఆయన ఎటు ఎక్కాలో తెలియక నిలబడ్డాడు. గుడివాడ బస్సు కదిలింది. బందరు బస్సు కండక్టరు "వస్తారా, రారా?" అన్నాడు. ఎక్కాడు. దారంతా వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి చాప పరిచాడు. పనికెళ్ళిన మనిషి అప్పుడే వచ్చాడంటే ఎక్కడికి వెళ్ళొచ్చాడో ఖైరున్ బీకి అర్థమైపోయింది. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. మూడయింది. నాలుగున్నరయింది. 'తిరుగు బస్సు ఎక్కి ఉండకపోతే? ఆ టీచరు...' అని మళ్ళీ ఓ పురుగు తొలవడం మొదలుపెట్టింది.

అప్పుడు వీధి గేటు గొళ్ళెం చప్పుడైంది. అది బిగుసుకుపోయిన గొళ్ళెం, ఎప్పుడూ వాళ్ళే తీసి పెట్టేవాళ్ళు అనీసాకి. ఒకసారి లాగింది, రాలేదు. రెండోసారీ రాలేదు. ఖైరున్ బీ గబగబా లేవబోయింది.

జలాలుద్దీన్ ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"కూర్చో" అన్నాడు. "తీస్తుంది."

మూడోసారి గొళ్ళెం ఊడింది.

ఇంతేనండీ. మీ వీధిలో అనీసా లాంటి పిల్ల, చెయ్యి వదలని నాన్న ఎవరైనా ఉంటే, ఈ కథ వాళ్ళ చెవిన వెయ్యండి. పక్కన కూర్చుని నిదానంగా చెప్పండి. ఉంటానండీ మరి.