దర్భ పుప్పొడి, కలుపు మందు

పట్నంలో, రాయదుర్గంలోని మా ఆఫీసు ఐదో అంతస్తులో గోధుమ పండుతుందంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. ఊడ్చి తుడిచే పని నాది. ఏసీ గదిలో కుండీల్లో గోధుమ పెంచే పని లావణ్య మేడంది. ఆమెది కర్నూలు. గోధుమ పూతకు దర్భగడ్డి పుప్పొడి అద్దుతుంది. గింజలో పిండం పడ్డాక దర్భ వంతు దానంతటదే పోయి, గోధుమ వంతు ఒక్కటే మిగులుతుందట. ఆ సగం మొక్కతో కొత్త వంగడం తొందరగా తయారవుతుందట. నాకైతే సగం మొక్క అన్న మాట వింటేనే భయం.

ఒకసారి అలా పుప్పొడి అద్దిన మర్నాడే మేడంకు జ్వరం. ఫ్రిజ్‌లోని మందు మూడు రోజులు కంకులకు పెట్టమని నాకు ఫోన్లో చెప్పింది. తీసి చూస్తే సీసా మీద 2,4-డి. చదువు రాకపోయినా ఆ గుర్తులు నేను మరిచిపోయేవి కావు. అది కలుపు మందు. అది కొట్టిన డబ్బా కడగకుండానే మా ఆయన ఎల్లేశం పత్తికి పురుగుల మందు కొట్టాడు. నాలుగెకరాల ఆకులు ముడుచుకుని మాడిపోయాయి. ఆ ఏడే పట్నం వచ్చాం.

జ్వరంలో మేడం సీసా పొరబడిందనుకున్నాను. అడిగితే చదువుకున్న నాకు నువ్వు చెప్పేదానివా అంటుందేమోనని అడగలేదు. మూడు రోజులూ మంచినీళ్లే పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పద్దెనిమిదో రోజు మేడం గింజలు కోసి చూసింది. ఏ గింజలో చూసినా నీళ్లే, పిండం లేదు. చుక్కంత ఆ మందు పడితేనే పిండం నిలుస్తుందని ఆమె మాటల్లో అప్పుడే తెలిసింది. పైవాళ్లు ఈ నెలే ఆఖరన్నారట. దర్భతో పని కాదని రాసిచ్చి గది మూసేస్తానంది. మూస్తే ఆమె ఉద్యోగం పోతుంది. నిజం చెబితే నాది పోతుంది. ఎల్లేశం నడుం నొప్పితో ఇంట్లోనే ఉన్నాడు, ఇల్లు నడిచేది నా చీపురు మీదే. చీపురు తలుపుకు ఆనించి లోపలికి పోయాను.

"దర్భ తప్పు కాదమ్మా. మందు నేను పెట్టలే. నీళ్లు పెట్టిన," అన్నాను.

మేడం తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. పత్తి సంగతంతా చెప్పించుకుని, రాసిన కాగితం చింపేసింది. నిన్ననే పుప్పొడి అద్దిన కుండీ ఒకటి ముందుకు జరిపి, సీసా నా చేతికిచ్చింది.

"ఇంగ మిగిలిండేది ఈ ఆరు కంకులే చంద్రమ్మా. నువ్వే పెట్టు."

మూత తీస్తే అదే వాసన. ఆరింటికీ అద్దాను.

మర్నాడు చీపురు కూడా తీసుకోకుండా నేరుగా ఆ గదికి పోయాను. ఆకులు ముడుచుకోలేదు.