లోపలి పిల్ల

ఆ హీరో ఏడుస్తూ చెప్పాడు. అదే కొంప ముంచింది. మామూలుగా చెప్పి ఉంటే లిఫ్టు మెకానిక్ భార్య కూడా అందరిలాగే బొటనవేలితో పైకి తోసేసి, ఆ తర్వాత వచ్చే వంటల వీడియోనో కుట్ల వీడియోనో చూసుకునేది. అంత పెద్ద హీరో, ముక్కు ఎర్రబడేలా ఏడుస్తూ చెబితే ఎవరు తోసేయగలరు?

"మా వాడు ఎక్కడికీ పోలేదండీ. లోపలే ఉన్నాడు. తలుపేసుకుని కూర్చున్నాడు. ఆటిజం అనేది ఆ తలుపు పేరు, అంతే. డాక్టర్లు తలుపుకి రంగులేస్తూ కూర్చుంటారు. నేను పిలిచాను. వచ్చాడు."

అసలు విషం ఆ తర్వాత కక్కాడు. "మీ ఎదురుగా తిరుగుతోంది బిడ్డ కాదు, పైతొడుగు. దాన్ని ముద్దు చేసే కొద్దీ అసలు బిడ్డ ఇంకా లోపలికి పోతుంది."

మెకానిక్ పని నుంచి వచ్చేసరికి భార్య సింకు దగ్గర నిలబడి ఉంది. కుళాయి ధారగా పోతోంది. గిన్నె చేతిలోనే ఉంది. ఫోను సబ్బుపెట్టెకు ఆనించి ఉంది.

"అక్క పంపించింది. చూడండి."

"చూశాను. మొన్నటి సినిమాలో తండ్రి శవం మీద పడి కూడా ఇలాగే ఏడ్చాడు. అప్పుడు ఇంకా బాగా ఏడ్చాడు."

"కన్నకొడుకు గురించి అబద్ధం చెబుతాడా ఎవడైనా?"

అతను గ్రీజు చేతులు రుద్దుకుని కుళాయి కట్టేశాడు.

వంటింటి గడప దగ్గర వాళ్ళ కూతురు గిన్నెమూత తిప్పుతోంది. మూతను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఒక్క మెలిక ఇచ్చిందంటే అది నేల మీద పాడుతూ తిరిగేది. పడబోయే ముందు వచ్చే గలగల కోసం చెవి నేలకు ఆనించి పడుకునేది. అందుకే ఇంట్లో పేరు బొంగరం. బళ్ళో వేరే పేరుండేది గానీ, బళ్ళోనే ఉండనివ్వనప్పుడు ఆ పేరుతో ఎవరికి పని?

బొంగరానికి మాటలు లేవని చూసినవాళ్ళంతా అనేవారు. అది అబద్ధం. దానికి తిరుగుమాటలు ఉండేవి. "ఆకలేస్తోందా?" అని అడిగితే "ఆకలేస్తోందా" అనేది. అలా అంటే ఔనని. ఏమీ అనకపోతే కాదని. కావలసింది తనే అడగాలంటే మనం అడిగే మాటనే మోసుకొచ్చేది. దాహమైతే తల్లి పక్కకు వచ్చి నిలబడి, కళ్ళు గోడ మీద పెట్టి, "నీళ్ళు కావాలా" అనేది, అచ్చం తల్లి సాగదీసినంతా సాగదీస్తూ. మాట తిరిగొస్తే ఔను, రాకపోతే కాదు. ఆ ఇంటికి అదే చట్టం. ఆ చట్టం మీద ఆ ముగ్గురూ ఏళ్ళ తరబడి బాగానే బతికారు. భార్య పెద్దక్క, అంటే అతనికి వదిన, వచ్చినప్పుడల్లా వేళాకోళం చేసేది.

"ఏం మరిదీ, పిల్ల నాతో మాట్లాడలేదని అలుగుదామంటే, నేనేమంటే అదే అంటుంది. నా మొగుడైనా ఎప్పుడూ ఇంత బుద్ధిగా నా మాట వినలేదు."

ఆ వదినే వీడియో పంపింది. చెడ్డ ఉద్దేశంతో కాదు. పంపడానికి వేలు కదిపితే చాలు కదా.

వారంలో ఒకరోజు బొంగరాన్ని ఇలాంటి పిల్లలకు మాటలు నేర్పే టీచరు దగ్గరకు తీసుకెళ్ళేవారు. గది బయట బల్ల మీద తల్లులూ తండ్రులూ వరసగా కూర్చునేవారు. ఆ వారం బల్ల బల్లంతా హీరో గురించే. ఒక తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒక బస్సు డ్రైవరు మండిపడ్డాడు. "పిలిచాడంట! మనమేమన్నా మన పిల్లల్ని పిలవకుండా ఈలలేసుకుంటూ తిరుగుతున్నామా? నా గొంతు పోయింది పిలిచి పిలిచి." పక్కనే ఉన్న అతని భార్య నెమ్మదిగా, "మీరు పిలవరు, అరుస్తారు," అంది. బల్ల మీద ఉన్న ప్రతివాడూ ఆ మాటను తన మీదకు తీసుకుని నేల చూపులు చూశాడు. హీరో చేసిన పని అదే. అందరి జేబులోనూ ఒక నేరం పెట్టి వెళ్ళాడు.

మెకానిక్ భార్య టీచర్ని సూటిగానే అడిగింది.

"ఆయన కొడుకు సంగతి నాకు తెలీదమ్మా," అంది టీచరు. "మీ పాప సంగతి తెలుసు. లోపల ఒకరూ బయట ఒకరూ ఉండరు. మీ పాప మాట్లాడుతోంది, మీరు జవాబు చెబుతున్నారు. ఆ జవాబు చెప్పడం మాత్రం మానకండి."

"అంటే ఇంతేనా?" అంది భార్య.

టీచరు ఏదో చెప్పబోయింది. ఈమె వినలేదు. ఆ 'ఇంతేనా' పట్టుకుని ఇంటికి వచ్చేసింది. తర్వాతి వారం వెళ్ళలేదు, ఆ పై వారమూ వెళ్ళలేదు.

ఆమె నమ్మకానికి ఒక కారణం ఉంది. ఆ కారణం మెకానికే.

పెళ్ళికి ముందు ఆమె ఒక బట్టల కంపెనీలో గుండీలు కుట్టేది. ఒకరోజు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే, చీకటి. మనుషులు ఇరుక్కున్న చోటికి వెళ్ళగానే మిగతా మెకానిక్కులు ముందు మోటారుండే మెషీన్ రూముకు పరుగెత్తుతారు. ఇతను అలా చేయడు. ముందు తలుపు మీద వేలి కణుపుతో కొట్టి, సందుకు నోరు ఆనించి అడుగుతాడు, "లోపల ఎవరున్నారు?" అని. తమకోసం ఒకడు వచ్చాడని తెలిస్తే లోపలివాళ్ళు పిచ్చిపిచ్చిగా తలుపులు లాగరు. ఊపిరి కుదుటపడుతుంది. ఆ రోజు సందులోంచి "నేను" అని వచ్చింది. "నేనంటే ఎవరమ్మా, ఇక్కడ నేనూ నేనే," అన్నాడితను. చీకట్లో ఆమె నవ్వింది. ఆ నవ్వే పెళ్ళిదాకా వచ్చింది. లిఫ్టులో దొరికిన సంబంధమని వదిన ఇప్పటికీ అంటుంది.

కాబట్టి ఆ మనిషి గొంతుకు లోపలివాళ్ళు పలుకుతారని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఒక్కసారి అడగండి," అంది ఆ సాయంత్రం. "ఊళ్ళోవాళ్ళందర్నీ అడుగుతారు. మన పిల్లని ఎప్పుడైనా అడిగారా?"

"అది లిఫ్టా?"

"పోనీ నా కోసం అడగండి."

భార్య కోసమే అడిగాడని చాలాకాలం తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి తలుపు సందుకు చెవి పెట్టి వినాలని అతనికీ ఉంది. ఏ తండ్రికి ఉండదు? బొంగరం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూత తిరిగి తిరిగి గలగలలాడి పడింది. వేలి కణుపుతో నేల మీద కొట్టి, పనిలో అడిగే గొంతుతోనే అడిగాడు.

"లోపల ఎవరున్నారు?"

బొంగరం మూత కేసి చూస్తూ అంది. "లోపల ఎవరున్నారు."

భార్య కెవ్వుమంది. "ఉంది! ఉందని చెప్పింది! మీరూ విన్నారు కదా?"

విన్నాడు. మాట తిరిగొస్తే ఔను. ఎవరో ఊరూ పేరూ లేనివాడు పెట్టిన చట్టం కాదు, తమ ముగ్గురూ కలిసి పెట్టుకున్నది. అది మామూలు తిరుగుమాటే, దానికి అర్థమేమీ లేదు అందామంటే, ఇన్నేళ్ళ 'ఆకలేస్తోందా'లకూ 'నీళ్ళు కావాలా'లకూ కూడా అర్థం లేదనాలి. అలా అనడానికి నోరు రాలేదు. తల ఊపాడు. అంతే, ఆ తల ఊపడంతో ఇంట్లోకి ఇంకో పిల్ల వచ్చింది.

వచ్చిన పిల్ల కనిపించదు. దాని కోసం భార్య కొత్త గౌను కొని, మడత విప్పకుండా మంచం మీద పెట్టింది. బొంగరాన్ని ముట్టుకోనివ్వలేదు. బొంగరం నిద్రపోతుంటే వీపుకు పెదవులు ఆనించి దానితో గుసగుసలాడేది. కూతురి పేరు, ఆ బళ్ళో పేరు, ఇప్పుడు దానికిచ్చింది. బొంగరానికి మాత్రం జవాబివ్వడం మానేసింది.

"నీళ్ళు కావాలా" అని బొంగరం వచ్చి నిలబడేది. తల్లి కదిలేది కాదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా కదిలేది కాదు.

"ఇవ్వవే, దాహంతో ఉంది," అనేవాడు అతను.

"అడిగింది తొడుగండీ. లోపలిది అడగాలి. దీనికిస్తే అది మళ్ళీ పడుకుంటుంది."

"దీన్ని ఎండగట్టి దాన్ని పెంచుతావా?"

"అడిగింది మీరే కదా. ఔనంది కదా." అతని నోరు మూయించడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆమె చూడనప్పుడు అతనే గ్లాసు నింపి ఇచ్చేవాడు, దొంగతనంగా. కన్నకూతురికి నీళ్ళిచ్చి, మూతి తుడిచి, గ్లాసు కడిగి బోర్లించి. కానీ రోజంతా ఇంట్లో ఉండేవాడు కాదు గదా. 'ఆకలేస్తోందా' ముందు పోయింది. తర్వాత 'బయటికెళ్దామా' పోయింది. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ పోయినట్టు బొంగరం మాటలు పోతున్నాయి. ఒకపక్క భార్య మొహంలో వెలుగు పెరుగుతోంది. "గోల తగ్గింది చూశారా? దారి ఇస్తోంది," అనేది.

పనిలో కూడా ఆ పిల్ల అతన్ని వదలలేదు. ఒక ఆఫీసు బిల్డింగులో మిట్టమధ్యాహ్నం లిఫ్టు ఆగిందని కబురొచ్చింది. వెళ్ళి, తలుపు కొట్టి, సందుకు నోరు పెట్టి అడిగాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. వాచ్‌మన్ వెనకనుంచి, "ఎవరో ఎక్కకుండానే బటన్ నొక్కి పోయుంటారన్నా, లోపల ఎవరూ లేరు," అన్నాడు. తాళంచెవి తిప్పి తలుపులు విడదీశాడు. ఖాళీ. దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, అద్దంలో తన మొహం. ఎన్ని ఖాళీ లిఫ్టులు చూడలేదు! కానీ ఆ రోజు లోపలికి అడుగు పెట్టలేకపోయాడు. ఎవరో అప్పుడే పక్కకు తప్పుకుని చోటిచ్చినట్టు అనిపించింది. ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఏమన్నా, షాకు కొట్టిందా?" అన్నాడు వాచ్‌మన్.

ఆ సాయంత్రం తేల్చేద్దామనుకున్నాడు. తను అడిగిందే ఇంత చేసింది కాబట్టి తనే అడిగి దాన్ని తుడిచెయ్యాలి. బొంగరం ముందు కూర్చున్నాడు. భార్య తలుపుకు ఆనుకుని చూస్తోంది. 'లోపల ఎవరూ లేరా?' అని అడగాలి. మాట నాలుక దాకా వచ్చింది. అక్కడ ఆగింది. బొంగరం ఆ మాటే తిప్పి అంటే, లోపల ఎవరూ లేరని. తన కూతురు ఉత్త డొల్ల అని. ఏమీ అనకపోతే కాదని, అంటే ఉన్నారని. ఎటు చూసినా ఈ ఎదురుగా కూర్చున్న పిల్లకు చోటు లేదు. అడగడానికి ప్రశ్నే మిగల్చలేదు తను.

"అడగండి," అంది భార్య.

అడగలేదు. లేచి వచ్చేశాడు.

తర్వాత కొద్దిరోజులకే అది జరిగింది. బొంగరం వంటింట్లోకి వచ్చింది. తల్లి పక్కన నిలబడలేదు. తిన్నగా కుళాయి దగ్గరకు వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, తిప్పి, దోసిలి పట్టి తాగింది. కట్టేసి, చేతులు గౌనుకు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఎవరి వైపూ చూడలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు భార్య ఫోనులో తీసింది. తీస్తూ, "చూడండి, మా పాప వచ్చేసింది, మా పాప వచ్చేసింది," అంది. అక్కకు పంపింది. అక్క అందరికీ పంపింది. అది తిరిగి తిరిగి ఆ హీరో మనుషుల చేతిలో పడింది. 'ఇంకో తలుపు తెరుచుకుంది' అని రాసి, వెనక వయొలిన్లు పెట్టి వదిలారు.

ఫోన్లు మొదలయ్యాయి. ఎవరెవరో తల్లులు, తండ్రులు. భార్య అందరికీ ఓపికగా చెప్పేది, ఏమేం మానాలో, ఎలా పిలవాలో. ఒకరోజు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు మోగితే మెకానిక్ ఎత్తాడు. మగగొంతు, బాగా అలిసిన గొంతు.

"పాప నాన్నగారాండీ? మా వాడు కూడా అన్నమాటే అంటాడండీ. జవాబు చెప్పకూడదన్నారట మేడమ్. చేస్తున్నాం. మా వాడు ఏడుస్తున్నాడు. ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"వాడు నీళ్ళడిగితే ఇవ్వండి," అన్నాడు మెకానిక్.

"అదేంటండీ?"

"మా అమ్మాయి ఇదివరకు మాట్లాడేది. అడిగేది. మేం పలక్కపోతే మానేసింది. మీరు చూసింది అదేనండీ. రావడం కాదు. మా మీద ఆశ వదులుకోవడం."

"మీ పాప బాగుపడింది కాబట్టి ఎన్నయినా చెబుతారు," అన్నాడు ఆ తండ్రి. ఫోను పెట్టేశాడు.

తలతిప్పితే భార్య తడిజుట్టుతో తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంత విందో తెలియదు. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు నింపి, బొంగరం ముందు కూర్చుంది. పాత రాగంలో, సాగదీస్తూ 'నీళ్ళు కావాలా' అని అడిగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. మూడోసారికి రాగం చెడిపోయింది. అతనూ వచ్చి పక్కన కూర్చుని అడిగాడు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అదే మాట అంటూ కూర్చున్నారు. ఇప్పుడే ఎవరైనా కొత్తవాళ్ళు తలుపు తీసుకుని వస్తే, మాటలు రానిది వీళ్ళకే అనుకునేవారు.

బొంగరం మూత పక్కన పెట్టి లేచింది. దాహమైనట్టుంది. వాళ్ళిద్దరి మధ్య సందు చాల్లేదు. దారికి అడ్డంగా పెట్టిన కుర్చీలను చుట్టి వెళ్ళినట్టు వాళ్ళను చుట్టి వెళ్ళి, కుళాయి తిప్పుకుంది.