ఓవెన్‌కి తడి తగిలిన రోజులు

కొడుకింటికి వచ్చేసినప్పటి నుంచి పెద్దావిడ చెవిన పడే మాట ఒక్కటే, "మీరు కూర్చోండి అత్తయ్యా." కోడలు ప్రేమగానే అనేది. కానీ ఒళ్లు వంచి బతికిన మనిషికి కూర్చోమనడం కన్నా శిక్ష ఏముంటుంది? అందుకే ఆవిడ ఆ ఇంట్లో ఒక పని దొంగిలించింది. కోడలు కేకులు చేసి దుకాణాలకు ఇస్తుంది. అప్పుడప్పుడూ అందరూ లేవకముందే ఆవిడ ఓవెన్ తెరిచి, సబ్బునీళ్లు చల్లి, తళతళలాడేలా కడిగిపెట్టేది.

ఈమధ్య ఆ ఓవెన్‌కి ఏం మాయరోగం వచ్చిందో, ఒకరోజు బుద్ధిగా పనిచేస్తుంది, ఇంకోరోజు స్విచ్ వేయగానే బ్రేకర్ టప్పున పడిపోయి ఇంట్లో కరెంటు పోతుంది. మర్నాడే ఓ కొత్త దుకాణానికి మొదటిసారి కేకులివ్వాలి. మాట తప్పితే ఆ దుకాణం మళ్లీ గుమ్మం తొక్కనివ్వదు. కోడలికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి, వెనక రేకు విప్పి, మీటరు పెట్టి చూశాడు.

"ఇప్పుడు బాగానే ఉందమ్మా."

"డాక్టర్ని చూడగానే జ్వరం తగ్గినట్టుంది దీని వరస," అంది కోడలు.

అతను ఓవెన్‌ని వేడెక్కించే కాయిల్ బయటికి లాగి చివర చూపించాడు. "ఇక్కడ సన్నగా పగిలింది. తడి చేరితే కరెంటు లీకవుతుంది, ఆరితే మళ్లీ మామూలే. లోపల కడుగుతున్నారా?"

"ఒట్టు, నేనెప్పుడూ కడగలేదు. అదెప్పుడూ శుభ్రంగానే..." తన మాట తనకే వింతగా తోచి కోడలు ఆగిపోయింది.

సంగతేంటో పెద్దావిడకు అర్థమైంది. చెబితే ఉన్న ఒక్క పనీ పోతుంది. చెప్పకపోతే కోడలి కష్టం బూడిదలో పోసినట్టే. ఆవిడ ఎక్కువసేపు ఆలోచించలేదు.

"నేనే కడుగుతున్నానమ్మా. ఊరికే కూర్చోలేక."

అతను కొత్త కాయిల్ బిగించి స్విచ్ వేశాడు. ఓవెన్ వేడెక్కింది, బ్రేకర్ పడలేదు. అతను వెళ్లిపోయాక పెద్దావిడ తనంతట తానే కుర్చీ వైపు నడిచింది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"కూర్చుంటానమ్మా."

కోడలు ఓ గుడ్డ తడిపి, చుక్క రాలనంతగా పిండి, ఆవిడ చేతిలో పెట్టింది. "ఇకనుంచి స్విచ్ తీసేసి, ఇలా పిండిన గుడ్డతో తుడవండి. దొంగచాటుగా వద్దు. ముందు ఆ మైదా జల్లించండి, అన్ని కేకులు నా ఒక్కదానివల్ల కాదు."

పెద్దావిడ జల్లెడ అందుకుంది. సంతోషంతో కళ్లలో నీళ్లు నిండాయి. ఎందుకైనా మంచిదని ఓవెన్‌కి ఒక అడుగు దూరం జరిగి నిలబడింది.