మిగిలిన గుక్క

రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టి, ఆ మోత అణిగేదాకా సోములు అక్కడే నిలబడ్డాడు. ప్రతి ఆదివారం అలా నిలబడి ఏ ఇంటి తలుపు తెరుచుకుందో, ఏది తెరుచుకోలేదో చూడడం అతని అలవాటు. ఈ రోజు మాత్రం కళ్లు తన ఇంటి వైపే పోయాయి. ప్రార్థన మందిరం గోడకు ఆనుకుని ఉన్న తాటాకు ఇల్లు. రాత్రంతా కురిసిన వాన ఇంకా చూరు నుంచి కారుతోంది. లోపల దగ్గు వినిపించింది. దగ్గు వినబడుతున్నంతసేపు భయం లేదనుకున్నాడు.

అది మొదటి గంట. రెండో గంటకు జనం వస్తారు. ఈలోగా మందిరంలో చాపలు పరవాలి, బల్ల మీద తెల్లగుడ్డ వెయ్యాలి, పొయ్యి మీది ద్రాక్షరసం దించాలి. మూడు నెలలకోసారి గురువు చేతి మీదుగా అందరూ రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు భోజనపు ఆదివారం ఇది. సాలూరు నుంచి దేవవరం గురువుగారు రావాలి. ఆయన్ని ఏటి ఒడ్డు నుంచి తీసుకురావడానికి వరసకు బావమరిది అయిన ఎల్లాజీ తెల్లారకముందే బండి కట్టుకుని వెళ్లాడు.

సోములు దుగ్గివలస సంఘానికి ఉపదేశి. బాప్తిస్మపు పేరు సాలొమోను. ఆ పేరు పెట్టిన తెల్లదొర ఓడెక్కి వెళ్లిపోయాక ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. పొడుగాటి మనిషి. కొండ ఊళ్లకు పుస్తకాల సంచి మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. నడుస్తుంటే ఎవరో పక్కనుంచి చెయ్యి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. పిల్లలకు ప్రశ్నోత్తరి వల్లె వేయించడం, రోగుల దగ్గర కూర్చోవడం, గంట కొట్టడం, ఆదివారం ప్రసంగం చదవడం అతని పని. చదవడమే, చెప్పడం కాదు. నెల మొదట్లో ఉపదేశులంతా సాలూరు నడిచి వెళ్తే, గురువుగారు ఆ నెల ప్రసంగాలను కార్బను కాగితాలు పెట్టి రాసిన ప్రతులు తలా ఒకటి ఇచ్చేవారు. వరసలో ఎప్పుడూ చివర నిలబడే సోములుకు అడుగు ప్రతి వచ్చేది. అందులో అక్షరాలు పొగలా ఉండేవి. వాటిని దీపం దగ్గర పెట్టుకుని, వారమంతా కూడబలుక్కుని, ఆదివారం ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట వదలకుండా చదివేవాడు.

ఇంట్లోకి వంగి వెళ్లాడు. నులకమంచం మీద భార్య జగ్గమ్మ గోడకు చేరగిలబడి ఉంది. పడుకుంటే ఊపిరాడదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఇంటికి తీసుకుపొమ్మని సాలూరు ఆసుపత్రిలో చెప్పేశారు. ఎముకల గూడులా అయిపోయినా ఆమె కళ్లు మాత్రం పొయ్యి మీదే ఉన్నాయి.

"నిప్పు తగ్గించు మావా. మాడితే సేదొస్తాది."

"తగ్గించినాను."

"ఏటి తగ్గించినావు? కుతకుత ఇక్కడికి ఇనిపిస్తన్నాది."

ఇన్నేళ్లూ ఈ సంఘానికి ద్రాక్షరసం కాచింది ఆమే. సాలూరు నుంచి ఎండు ద్రాక్ష తెప్పించి, ముందురోజే నానబెట్టి, సన్నని సెగ మీద మరిగించి, పాత తెల్లచీర ముక్కలో వడకట్టేది. ఆ ముక్క ఎన్నిసార్లు ఉతికినా ఊదారంగు వదలదు. ఈసారి లేవలేక మంచం మీద నుంచే చెప్పి భర్త చేత చేయిస్తోంది.

"అయ్యోరు వస్తారంటావా?"

"ఎందుకు రారు? ఎల్లాజీ పోనాడు కదా."

"పోయినసారీ పోనాడు."

పోయినసారి గురువుగారికి జ్వరం. అందుకని జగ్గమ్మ గిన్నె ముట్టి ఆరు నెలలయింది. ఇక మూడు నెలలు ఉండనని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆ ఇంట్లోంచి పోయినవాళ్లెవరూ చెప్పి పోలేదు. మొదటి బిడ్డ నిద్రలోనే పోయాడు. రెండో బిడ్డకు ఊపిరి తప్పుతుంటే సోములే చెంబుతో నీళ్లు తెచ్చి బాప్తిస్మం ఇచ్చాడు. చావబోయే బిడ్డకు ఎవరైనా ఇవ్వవచ్చు, సంఘ నియమం ఒప్పుకుంటుంది. రొట్టె, గిన్నె అలా కాదు. అభిషేకం పొందిన గురువు చేతి మీదుగానే అందాలి. నీళ్లకు పనికొచ్చిన చేతులు గిన్నెకు పనికిరావు.

ఇంకొక్క నెల గడిస్తే పనికొచ్చేవే. ముసలితనంలో సోములుకు గురువు పట్టా ఇవ్వడానికి పెద్దలు ఒప్పుకున్నారు. సాలూరు దర్జీ నల్ల అంగీకి కొలతలు కూడా తీసుకున్నాడు. మొదటి గిన్నె తనకే ఇవ్వాలని జగ్గమ్మ అప్పుడే మాట తీసుకుంది.

"నీ అంగీకి ఒక భుజం పొడుగు, ఒక భుజం పొట్టి పెట్టాల," అని నవ్వబోయి దగ్గులో పడింది. సోములు వీపు నిమిరాడు. చేతికి వెన్నుపూసలు తగిలాయి.

బయట బండి చక్రాల చప్పుడయింది. సోములు ఒక్క అంగలో గడప దాటాడు. బండిలో ఎవరూ లేరు. ఎల్లాజీ నడుం దాకా తడిసి ఉన్నాడు.

"ఏరు పొంగిపోనాది బావా. చెట్లకు చెట్లే కొట్టుకొస్తన్నాయి. అయ్యోరు అవతల గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డారు, నాను సూసినాను. నాను దిగబోతే ఎడ్లు మొరాయించినాయి."

"నెమ్మదిగా సెప్పరా," అన్నాడు సోములు. కానీ తాటాకు తడికకు మాటలు ఆగవు. తిరిగి లోపలికి వెళ్లేసరికి జగ్గమ్మ గోడ వైపు తిరిగి ఉంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని సోములుకు అనిపించింది. నీ చేత్తోనే ఇమ్మని అడిగితే కాదనవచ్చు.

పొయ్యి మీద రసం ఇంకా మరుగుతోంది. ఇప్పుడది ఎందుకో తెలియక, చేతులు ఊరికే ఉండలేక, కుండ దించేశాడు.

ఎల్లాజీ భార్య బుజ్జమ్మను మంచం దగ్గర కూర్చోబెట్టి రెండో గంట కొట్టాడు. జనం తడిసిన గోనెపట్టాలు వాకిట్లో విప్పి లోపలికి వచ్చారు. బల్ల మీద వెండిపూత గిన్నె బోర్లించి ఉంది, దాని కింద మడతపెట్టిన తెల్లగుడ్డ. గురువుగారు ఎప్పుడూ అలాగే ఉంచి వెళ్తారు. అందరూ పుచ్చుకున్నాక గిన్నెలో మిగిలింది ఆయనే చివరి చుక్క దాకా తాగుతారు. ప్రభువు మాట పలికిన రసాన్ని పారబోయకూడదు, మర్నాటికి ఉంచకూడదు. మాట పలకనిదైతే ఉత్త ద్రాక్షనీళ్లు, పెరట్లో పోసినా అడిగేవారు లేరు. తాగాక గుడ్డతో అంచు తుడిచి, నాలుగు మడతలు పెట్టి, కుట్టిన సిలువ పైకి వచ్చేలా పరిచి, గిన్నెను దాని మీద బోర్లిస్తారు. ఆ మడత సోములుకు ఎన్నడూ కుదరలేదు.

గురువుగారు రారని చెప్పి సోములు ప్రసంగం విప్పాడు. ఈ ఆదివారానికి రాసింది ప్రభు భోజనం గురించే. దేవవరం గురువుగారు ఆ విషయం మీద ఏళ్లుగా పెద్ద పుస్తకం రాస్తున్నారు. జర్మను, గ్రీకు చదివిన మనిషి. ఎప్పుడు చూసినా బొటనవేలికి సిరా ఉంటుంది. ఆయన వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, సోములు ఊపిరి బిగబట్టి వాటి చివరికి చేరుకునేవాడు. మధ్యలో ఒక పొట్టి వాక్యం వచ్చింది. ఇచ్చేవాడు గొప్పవాడని ఆ గిన్నె గొప్పది కాదు, మాట ఇచ్చినవాడు గొప్పవాడు.

అది చదివి సోములు ఆగిపోయాడు. జనం తలలెత్తారు. గోడ అవతల తన ఇంటి నుంచి దగ్గు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాడు. వినిపించలేదు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్లీ కాగితం వైపు చూస్తే అక్షరాలు కనబడలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ప్రసంగం సగంలో మడిచాడు.

"నాను ఇంటికి పోవాల. మీరు పాడతా ఉండండి," అని గిన్నె, గుడ్డ, రొట్టె పళ్లెం తీసుకుని బయటికి నడిచాడు. సంఘం అంతా చూసింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ వెంట రాలేదు. కాసేపటికి ఒక ముసలి గొంతు కీర్తన ఎత్తుకుంది.

జగ్గమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. అతని చేతిలోది చూసి బుజ్జమ్మ లేచి వాకిట్లోకి వెళ్లిపోయింది.

"వద్దు మావా. నీ పట్టా పోతాది."

"పోనీ."

"అంగీ ఏటవుతాది?"

"దర్జీ ఇంకోడికి కుడతాడు. ఆడికి రెండు భుజాలూ సమానంగా ఉంటాయి."

ఆమె నవ్విందో ఏడ్చిందో అతనికి తెలియలేదు. చీరముక్కలో రసం వడకట్టి గిన్నెలో పోశాడు. గురువుగారు పలికే మాటలు ఎన్నేళ్లుగానో వింటున్నవే, కానీ అతని నోట ఎప్పుడూ రానివి. తప్పుతాయేమోనని నెమ్మదిగా, పిల్లలకు వల్లె వేయించినట్టు పలికాడు. రొట్టె ముక్క నాలుక మీద పెట్టాడు. గిన్నె పెదవులకు ఆనించాడు. రెండు గుక్కలు తాగి ఆమె తల వెనక్కి వాల్చింది.

"పల్సగున్నాది," అంది. "ఇంకొక్క పొంగు రానివ్వాల్సింది."

"తొందరపడి దించేసినానే."

"నువ్వెప్పుడూ అంతే."

గిన్నెలో ఒక గుక్క మిగిలింది. దాన్ని తాను తాగే అధికారం ఉందో లేదో సోములుకు తెలియలేదు. పారబోయడానికి చేయి రాలేదు. కిటికీ గూట్లో పెట్టి గుడ్డ కప్పాడు. "వచ్చేసారి రెండు పొంగులు రానిస్తాను," అని వెనక్కి తిరిగాడు. జగ్గమ్మ కిటికీ వైపే చూస్తోంది, కానీ చూపు అక్కడ లేదు. పక్కన మందిరంలో కీర్తన ఇంకా నడుస్తోంది.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. కొండ ఏరు పొంగినంత వేగంగానే తీసింది. ఎండ ఇంకా వాలకముందే దేవవరం గురువుగారు మోకాళ్ల దాకా బురదతో, భుజాన తోలుసంచితో వచ్చారు. వాకిట్లో జనాన్ని చూసి ఆయన అడుగు నెమ్మదించింది. లోపలికి వచ్చి మంచం పక్కన చాలాసేపు తల వంచుకుని నిలబడ్డారు. తల ఎత్తినప్పుడు ఆయన చూపు కిటికీ గూటి మీద పడింది. వెళ్లి గుడ్డ తొలగించి చూశారు.

"ఎవరిచ్చారు?"

సోములు దగ్గర ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. రసం ఊరికే తాగించాననవచ్చు. మాటలు పలకలేదనవచ్చు. మంచం మీదున్న మనిషి కాదనదు. పట్టా, అంగీ, ఈ ఇల్లు అన్నీ నిలుస్తాయి.

"నానే ఇచ్చినాను బాబూ. మాటలు పలికే ఇచ్చినాను."

గురువుగారు సంచి దించి పీట మీద కూర్చున్నారు. వయసు ఒక్కసారిగా మీద పడినట్టయింది.

"ఒక్క పూట ఆగలేకపోయావా సోములూ?"

"అది ఆగలేదు బాబూ."

ఆయన సంచి పట్టీకి అంటిన బురదను గోటితో గీకారు.

"ఇచ్చేవాడిదేమీ లేదని తమరే రాసినారు. పొద్దున సదివినాను."

"అది గురువుల గురించి రాసింది. గురువు చెడ్డవాడైనా గిన్నె చెడదని." సిరా అంటిన బొటనవేలిని మరో వేలితో రుద్దుకున్నారు. "గురువు కానివాడి గురించి నేను రాయలేదు."

"మరి అది నాకు తెల్దు."

"నేను పెద్దలకు రాయాలి సోములూ. దాచిపెట్టలేను. సంఘమంతా చూసింది. పట్టా సంగతి నా చేతిలో ఉండదు, ఈ ఉద్యోగం కూడా ఉండకపోవచ్చు."

"రాయండి బాబూ. సేసింది సేసినాను."

గొంతులో కోపం లేదు. ఇంకా చెయ్యవలసిన పనులు గుర్తొచ్చినట్టు సోములు లేచాడు. చీకటి పడకముందే గొయ్యి చోటు చూపించాలి. పెట్టెకు పలకలు చాలవని ఎల్లాజీ బయట ఎవరితోనో వాదిస్తున్నాడు. "తమరు కాసేపు దీనికాడ కూకోండి. ఒక్కదాన్ని ఒగ్గేసి పోలేను," అని చెప్పి బయటికి నడిచాడు.

సమాధుల దొడ్డిలో ఇద్దరు బిడ్డల రాళ్ల మధ్య ఖాళీ చోటు ఎల్లాజీకి చూపించాడు. మట్టి మెత్తగా ఉంది, గునపం దిగిన చోటల్లా నీరు ఊరుతోంది. "తెల్లారేసరికి ఊట తగ్గుతాదిలే బావా," అన్నాడు ఎల్లాజీ. సోములు తలూపాడు. కొంతసేపు ఆ రెండు రాళ్ల దగ్గరా నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి గురువుగారు మందిరంలోకి వెళ్లిపోయారు. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున ఖననం చేసి వెళ్తారని బుజ్జమ్మ చెప్పింది. దీపం వెలిగించింది. మంచం పక్కన పీట గోడకు జరిపి ఉంది. సోములు జగ్గమ్మ ముఖం మీద వాలిన ఈగను తోలి, మిగిలిన గుక్క ఏం చెయ్యాలో ఇప్పటికైనా అడగాలనుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

గూటి కింద నేల పొడిగా ఉంది. కిటికీ అవతల గోడ మీద ఒలికిన జాడ లేదు. గూట్లో తెల్లగుడ్డ నాలుగు మడతలుగా, సిలువ పైకి వచ్చేలా పరిచి ఉంది. అంచున తడి ఆరని ఊదా మరక. దాని మీద శుభ్రంగా తుడిచిన వెండిపూత గిన్నె బోర్లించి ఉంది.