ఇత్తడి బిళ్ళ

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం. బాబాయి సత్యం, పిన్ని ఆరోగ్యమ్మ, మంచం దిగలేని బాబాయి తల్లి, ఊరి నుంచి వచ్చి వాళ్ళ దగ్గరుంటున్న నేను. ఎనభై మూడు ఆగస్టు, మల్కాపురం. మధ్యాహ్నం బాబాయి అన్నం తింటుండగా పక్కింటి పైడయ్య తలుపు తన్ని లోపలికి వచ్చాడు. రేవులో ఇద్దరిదీ ఒకే కూలీల గేంగు. ఎరువుల బస్తాలు లాగే ఇనప కొక్కెం అతని చేతిలోనే ఉంది.

"రా బావా, కూకో" అన్నాడు బాబాయి.

పైడయ్య కంచాన్ని కాలితో తన్నాడు. చేపల పులుసు గోడంతా చిమ్మింది. బాబాయి జుట్టు పట్టుకుని తలను గడపకేసి కొట్టాడు.

"మేస్త్రీ నన్ను కలిపి నలుగుర్ని పన్లోంచి తీసీసినాడు. నెత్తురు దగ్గినోల్లనే ఏరి ఏరి తీసినాడు. ఆడికెవుడు సెప్పినాడ్రా? నీ బిల్ల ఒక్కటే ఎలాగుండిపోనాది?"

"నాకేటి తెల్దు బావా, ఏసు మీద ఒట్టు!"

ఏరి ఏరి అన్న మాట వినగానే నేను నింపిన ఫారాలు గుర్తొచ్చాయి.

మూడు వారాల క్రితం యూనివర్సిటీ నుంచి పుష్పకుమారి మేడం వచ్చారు. క్షయకి మందు ఉన్నా జనం జబ్బు ఎందుకు దాచుకుంటారో తెలుసుకోవడం ఆవిడ పరిశోధన. యూనివర్సిటీ కొంచెం డబ్బు ఇచ్చిందట. "ఇది విత్తనం ఖర్చే అమ్మా. ఈ వీధి సర్వే బాగా వస్తే బయటి దేశాల ఆరోగ్య సంస్థలు పెద్ద గ్రాంటు ఇస్తాయి" అన్నారు. నా దస్తూరీ గుండ్రంగా ఉందని ఫారాలు నింపే పని నాకిచ్చారు. పేర్లు రాయొద్దు, ఇంటికి ఒక నంబరు వెయ్యి అన్నారు.

మా వీధిలో ఇళ్ళకి నంబర్లు లేవు. కానీ ప్రతి గుమ్మం పక్కనా మేకుకి కంట్రాక్టరు ఇచ్చిన ఇత్తడి బిళ్ళ వేలాడుతుంది. అది ఉంటేనే రేవులో పని. దాని మీద ఆ కూలీ అంకె ఉంటుంది. మా ఊరి బడిలో గడి ఖాళీగా వదిలితే మేష్టారు చెవి మెలిపెట్టేవారు. అందుకని ప్రతి ఫారం మీదా ఆ అంకెనే వేశాను. మేడం ఆ కట్టను గేంగు మేస్త్రీ భీమశంకరరావు అరుగు మీది బల్ల సొరుగులో పెట్టి వెళ్ళారు. బల్ల ఇచ్చింది ఆయనే.

పైడయ్య కొక్కెం ఎత్తి కొట్టబోయాడు. అడ్డం పెట్టిన బాబాయి అరచేతిలో దాని మొన దిగింది. పైడయ్య దాన్ని లాగినప్పుడు బాబాయి అరిచిన అరుపుకి మంచంలోని ముసలామె కూడా ఏడ్చింది. పిన్ని రోకలి తీసి పైడయ్య వీపు మీద రెండు దెబ్బలు వేసింది. అతను వెనక్కి తిరగను కూడా లేదు.

నేను ఎప్పుడూ మగవాళ్ళ ఎదుట నోరు విప్పలేదు. ఆ రోజు విప్పాను.

"మావయ్యా, బాబాయి కాదు. నానే. మేడం నంబరెయ్యమంటే బిల్ల నంబరేసీసినాను."

అతను నా వైపు తిరిగాడు. "నా ఇంట్లో కూకోని అంబలి తాగినావు. నా ఆడది సెప్పిందంతా రాసీసినావా?"

చెంప మీద కొట్టాడు. వెళ్ళి నీళ్ళ కుండ మీద పడ్డాను. కుండ పగిలింది, మోచెయ్యి తెగింది. అయినా నాకు ప్రాణం తేలికపడ్డట్టయింది, ఇక బాబాయిని వదిలేస్తాడనుకున్నాను.

"మరి ఈడు?" అన్నాడు పైడయ్య. "ఈడి దగ్గు గోడవతల నాకినపడదేటి? ఈడి కాయితం మీదేటి రాసినావే? సెప్పు, ఇప్పుడే మేస్త్రీ కాడికెల్తాను."

బాబాయి నోటి నుంచి నెత్తురు కారుతోంది. అది దెబ్బలదో, లోపలిదో ఎవరూ చెప్పలేరు. మా ఇంటి ఫారం పిన్ని పక్కన కూర్చుని రాయించింది. దగ్గు, లేదు. నెత్తురు, లేదు. 'అన్నం పెట్టే బిల్లే అది, లేదని రాయి' అంది.

పైడయ్య కొక్కెం బాబాయి మెడ మీద ఆనించాడు. "సెప్తావా, గుచ్చీమంటావా?"

నేను నోరు తెరిచాను. "మావయ్యా, బాబాయికి..."

పిన్ని రోకలి వదిలి నా జడ పట్టుకుంది. పగిలిన పెంకుల మీదుగా గుమ్మం దాకా ఈడ్చింది.

"మా కూడు తిని మమ్మల్నే తీసీత్తావేటే!"

వీధిలోకి తోసింది. మేకుకి ఉన్న బాబాయి బిళ్ళను లాగి కొంగులో ముడేసుకుని, నా మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టింది.