కసాయి భార్య వేషం

ఇలోనా రాష్కీ హంగేరీ ప్రభువంశంలో పుట్టిందని సినిమా పత్రికలు చదివే వారందరికీ తెలుసు. తెలియనిది ఆమె తండ్రికొక్కడికే. ఆయన ఒహాయోలో మాంసం కొట్టు నడిపేవాడు. కూతురికి ఎడ్నా అని పేరు పెట్టుకున్నాడు.

1934లో స్టూడియో ప్రచార విభాగాధిపతి మర్రే ఫింక్ ఒకనాడు భోజనానికీ కాఫీకీ నడుమ ఆమెకు కొత్త జన్మ ప్రసాదించాడు. అందులో ఒక కోట, విప్లవంలో పోయిన గుర్రాలు, పడవలో పారిపోయి రావడం ఉన్నాయి. స్టూడియో బయట కూడా హంగేరీ యాసలోనే మాట్లాడాలని ఒప్పందంలో రాశారు. ఎడ్నా పద్దెనిమిదేళ్ళు ఆ నిబంధన పాటించింది, పాలవాడి దగ్గర సైతం. ఆ కాలంలో పదకొండుసార్లు రాకుమారిగా, ఆరుసార్లు గూఢచారిగా, ఒకసారి రెండూగా నటించింది.

1952 నాటికి రాకుమార్తెలకు గిరాకీ తగ్గింది. ఏడాదిన్నరగా ఆమెకు వేషం లేదు. జూన్‌లో ఒప్పందం ముగుస్తుంది. ఈలోగా ఏదీ దొరకకపోతే పొడిగించరని చెప్పేశారు. అప్పుడే దర్శకుడు లెస్టర్ విప్పుల్ ఒహాయోలోని ఒక కసాయి భార్య కథ తీస్తున్నాడని తెలిసింది. ఆమె తానే వెళ్ళి అడిగింది.

మర్యాదకు ఆయన పరీక్షా చిత్రీకరణ జరిపాడు. ఆమె యాస పక్కన పెట్టి తన తల్లి మాట్లాడినట్టే మాట్లాడింది. ఆయన దాన్ని రెండుసార్లు వేయించుకుని చూశాడు.

"ఏమీ అనుకోకండి మేడం. చాలా కష్టపడ్డారు. కానీ ఒహాయో వాళ్ళు అలా మాట్లాడరు."

"మీది ఏ ఊరు?"

"బోస్టన్."

తాను పుట్టింది ఒహాయోలోనేనని ఆమె చెప్పింది. పాత్రలో ఇంతగా లీనమైనందుకు ఆయన మెచ్చుకున్నాడు. మర్నాడు ఆమె జనన పత్రం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన పేరు చదివాడు.

"ఈ ఎడ్నా ఎవరు? మీకు యాస నేర్పినావిడా?"

సాక్ష్యం చూపితే నమ్మకం మారుతుందని ఆమె అంతవరకూ అనుకుంటూ వచ్చింది. ఇక వాదించకుండా, మాంసం కొట్టే సన్నివేశం కూడా ఒకటి తీసి చూడమని మాత్రం అడిగింది.

ఇటువంటి చిత్రాలకు ఆ వృత్తిలోని మనిషినొకణ్ణి సలహాదారుగా పెట్టుకోవడం స్టూడియో ఆచారం. ఈసారి వచ్చినవాడు గస్ ప్రూయిట్, ముప్పై ఏళ్ళ కసాయి. దీపాల వేడికి మైనపు బొమ్మ కరిగిపోతుందని అసలు పందినే సగానికి కోసి బల్ల మీద పెట్టారు. ఆమె పొట్టి కత్తి అడిగి తీసుకుంది. బొటనవేలితో కీలు వెతికింది, కంటితో కాదు. నాలుగు నిమిషాల్లో భుజం, నడుము, పక్కటెముకలు వేటికవి విడిపోయాయి.

ఎవరూ పిలవకుండానే గస్ ముందుకొచ్చి ఒక ముక్క ఎత్తి, తెగిన అంచు చూశాడు.

"ఎవరి కొట్లో చేశావమ్మా?"

"మా నాన్న కొట్లో. పదేళ్ళు."

గస్ దర్శకుడి వైపు తిరిగాడు. "ఈవిణ్ణి పెట్టుకోండయ్యా. మీకొద్దంటే చెప్పండి, రేపట్నుంచి నా కొట్లో పెట్టుకుంటా."

వేషం ఆమెకే వచ్చింది. ఒహాయో యాస నేర్పడానికి బోస్టన్ వైపునున్న వెర్మాంట్ నుంచి ఒక ఉపాధ్యాయినిని పిలిపిస్తామని విప్పుల్ హామీ ఇచ్చాడు.

ఆ వారంలోనే మర్రే పత్రికలకిచ్చే ప్రకటన తెచ్చాడు. జన్మలో కత్తి పట్టని హంగేరీ దొరసాని ఆరు వారాల్లో కసాయి పని నేర్చుకుందని అందులో ఉంది. కింద ఆమె సంతకం కావాలి.

"నిజం రాస్తే ఏం పోతుంది మర్రే?"

"కసాయి కూతురు మాంసం కొట్టిందని రాయమంటావా? అది చూడ్డానికి టికెట్టు ఎవడు కొంటాడే తల్లీ?"

అతని వాదనలో ఆమెకు లోపం కనబడలేదు. సంతకం పెట్టకపోతే వేషం ఉండదన్నదీ స్పష్టంగానే కనబడింది. ప్రకటన మరోసారి చదివింది.

"ఆరు వారాలంటే గస్ నవ్వుతాడు."

"ఎనిమిది చేస్తా."

"ఇరవై రాయి. అంత తేలిగ్గా చేతికి ఒడుపు రాదు."

మర్రే కాసేపు బేరమాడి పన్నెండుకు ఒప్పుకున్నాడు. ఆమె ఇలోనా అని సంతకం పెట్టి, కత్తి నూరుకోవడానికి వెళ్ళింది.