రాణిగారికి మా అత్తగారి మర్యాదలు

తేనెపెట్టెలో రాణి ఈగ చచ్చిపోతే ఆ పెట్టెకిక దిక్కు లేదు. గుడ్లు పెట్టేవాళ్ళుండరు, ఉన్న ఈగలు ముసలివై రాలిపోతాయి. నా పెట్టెల్లో ఒకదానికి ఆ గతే పట్టింది. కొత్త రాణిని తెప్పించాను. అగ్గిపెట్టెంత పంజరంలో, సేవకి అరడజను ఈగలతో, దారిబత్తెంగా ఓ పంచదార ముద్దతో దిగింది మహాతల్లి. వెంటనే ముసురు పట్టింది. వానలో పెట్టె తెరవకూడదు. ఈ ఏడాదికి ఇంకో రాణి దొరకదు.

ఇంట్లో చీకటిగా, వెచ్చగా ఉండేది మా అత్తగారి గది ఒక్కటే. పంజరం అక్కడ పెట్టి షరతులు చెప్పాను. దోమలమందు కొట్టొద్దు, ఫ్యాను వెయ్యొద్దు, పొద్దునా సాయంత్రం జాలీ మీద ఒక్క చుక్క నీళ్ళు చాలు.

"నా గదిలో నాకే ఫ్యాను లేదు. నన్ను దోమలకి అప్పగించి ఈగకి రాజభోగాలా?" అంది.

మా ఆయన ఇలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు బజారు నుంచి వచ్చేసరికి పంజరం తేనెలో తేలుతోంది.

"ఇంటికొచ్చినవాళ్ళకి చుక్క నీళ్ళు చూపించి ఊరుకుంటారా ఎవరైనా? చెంచాడు తేనె పోశాను. వాటి సొమ్మే కదా!" అంది అత్తగారు, ఘనకార్యం చేసినట్టు.

సేవకులందరూ రెక్కలంటుకుపోయి చచ్చారు. జాలీ పట్టుకు వేలాడుతూ రాణి ఒక్కతే మిగిలింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అవి నోటికందిస్తేనే దానికి సరైన తిండి అత్తయ్యా! ఇప్పుడు పెట్టేవాళ్ళూ లేరు, వెచ్చగా చూసేవాళ్ళూ లేరు. ఇది పోతే ఆ పెట్టె మీద ఆశ వదులుకోవడమే."

ఆవిడ గబగబా పంజరాన్ని తన చేతుల్లోకి తీసుకుంది.

ఇక పంజరాన్ని నా చేతికిస్తేనా! తడిగుడ్డతో తుడిచింది, శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దూదివత్తితో పంచదార నీళ్ళు జాలీకి తాకించి, అది తాగేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. గుమ్మంలో తుమ్మాడని కన్నకొడుకుని కసిరి పంపేసింది.

నాలుగోనాటికి వాన వెలిసింది. పంజరం గుమ్మానికి అడ్డంగా కొత్త పంచదార ముద్ద పెట్టి, పెట్టె దగ్గరికి బయల్దేరాను. ఆవిడా వెంటపడింది.

"ఆ పెట్టెలోవాళ్ళెలాంటివాళ్ళే? కోపిష్టివాళ్ళా?"

"కాసేపట్లో తేలిపోతుంది."

మూత తీసి పంజరాన్ని తేనెపట్టు చట్రాల మీద పెట్టాను. ఈగలు వచ్చి జాలీని కప్పేశాయి.

"వేలితో నెడితే పక్కకి జరిగాయా, కొత్త రాణిని ఒప్పుకున్నట్టు. పట్టుకుని కదలకపోతే మాత్రం చంపడానికే," అన్నాను.

నేనింకా చెయ్యి చాపనేలేదు, ఆవిడే వట్టి వేలు పెట్టేసింది. ఈగలు మెల్లగా జరిగాయి. ఒకటి మాత్రం కుట్టింది. అయినా వేలు తియ్యలేదు.

"జరిగాయే అమ్మాయ్! చూడు, జరిగాయి!"

పంజరాన్ని చట్రాల మధ్య దింపి మూత పెట్టాను. ఇక ఆ ముద్దని వాళ్ళే తిని, దారి చేసి, రాణిని బయటికి తెచ్చుకుంటారు. నా గుండె బరువు దిగింది. అత్తగారు మాత్రం వాచిన వేలు చూసుకుంటూ నిలబడిపోయింది.

"నువ్వు కొత్తగా వచ్చినప్పుడు నేను జరగలేదు కదూ?"

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"లేదత్తయ్యా," అన్నాను. "చెయ్యిలా ఇవ్వండి, ముల్లు తీస్తాను."

ఇచ్చింది.